తుంగభద్ర లెక్క తెలిసిన పాట కావాలి

కర్నూలు జిల్లా కోసిగి మండలం అగసనూరు దగ్గర తుంగభద్రకు అడ్డంగా రాజోలిబండ ఆనకట్ట ఉంది. దాని కుడి కొస మన గట్టు మీద, ఎడమ కొస కర్ణాటకలోని రాయచూరు జిల్లాలో. అక్కడ కాలువకు మళ్లిన నీళ్లలో ఎక్కువ భాగం పారేది తెలంగాణలోని గద్వాల, అలంపూరు పొలాలకు. రాష్ట్రాల మధ్య నీళ్ల వాటాలు తేల్చిన బచావత్ ట్రిబ్యునల్ ఆ కాలువకు 17.1 టీఎంసీలు కేటాయించింది. అందులో 15.9 టీఎంసీలు తెలంగాణ వైపు ఉన్న 87,500 ఎకరాలకు. ఒక్క రాతికట్ట మీద మూడు రాష్ట్రాల తగవు. దాని ఎత్తు జానెడు పెంచుతామన్నా రైతులు గట్టెక్కి కూర్చుంటారు. నా వాటా ఎంత, నీ వాటా ఎంత అని అడిగేవాళ్లే అందరూ. పంచుకోవడానికి రేపు ఏటిలో ఏం మిగులుతుందని అడిగే గొంతు ఎక్కడా వినపడదు.

ఆ గొంతు కళాకారులది కావాలని నేను కోరుకుంటున్నాను. నదిని తల్లీ అని మొక్కే పాటలు మనకు కావలసినన్ని ఉన్నాయి. 2020 నవంబరులో తుంగభద్ర పుష్కరాలు వచ్చాయి, పోయాయి. హారతులు పట్టాం. ఆ తల్లి ఒంట్లో ఏం జబ్బుందో చెప్పే పాట మాత్రం జనం నోళ్లలోకి రాలేదు.

జబ్బు చిన్నదేం కాదు. హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యాం కట్టినప్పుడు దాదాపు 133 టీఎంసీలు పట్టేది. ఎగువన అడవి పలచబడి, గనుల మట్టి, చేల మట్టి వానకు కొట్టుకొచ్చి అడుగున పేరుకున్నాక ఇప్పుడు పట్టేది 105 టీఎంసీలకు కాస్త పైన. 2024 ఆగస్టు 10 రాత్రి 33 గేట్లలో 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోతే, నిండిన డ్యాం నుంచి చాలా నీళ్లు కిందికి వదిలేయవలసి వచ్చింది. దిగువన ఇసుక తోడేస్తే ఏటి అడుగు కిందికి దిగుతుంది, దాంతో గట్టు పక్క బావుల్లో నీటిమట్టం దిగుతుంది. కర్నూలు దాకా పోతే ఊరి మురుగంతా మోసుకొచ్చి హంద్రీ కలుస్తుంది. ఇవన్నీ ఇంజనీర్ల కాగితాల్లో ఉన్నాయి. కోసిగి నుంచి సుగ్గికి, అంటే వలస కూలికి, బయలుదేరే కుటుంబానికి ఆ కాగితాలు ఎవరు చదివి వినిపించాలి? ఇంటికి తాళం వేసి, పిల్లల్ని వెంటబెట్టుకుని గుంటూరు మిరప చేలకు పోతున్నవాళ్లకు, ఏరు పక్కనే ఉండగా తమ చేను ఎందుకు ఎండిందో తెలుసుకునే హక్కు ఉంది.

సీమలో ఈ పని ఒకాయన ఎప్పుడో చేశాడు. తరిమెలలో పుట్టిన విద్వాన్ విశ్వం 1950లలో 'పెన్నేటి పాట' రాశాడు. అందులో పెన్న ఇసుక ఎడారి. ఆ ఎడారి పక్కన రంగన్న, గంగమ్మ అనే పేద దంపతులు, వాళ్ల ఆకలి. నది ఎండడమంటే ఏమిటో ఒక ఇంటి పొయ్యి దగ్గర చూపించాడాయన. పాలమూరులో గోరటి వెంకన్న వాగు ఎండిపోవడం మీద కట్టిన పాట పుస్తకాల అవసరమే లేకుండా ఊరూరా తిరిగింది. చదువురాని ముసలమ్మ కూడా దాన్ని పాడగలదు. అందుకే నాకు ఆ పాట మీద అంత గౌరవం.

మన పడమటి కర్నూలుకు సొంత కళలు లేకపోలేదు. నల్ల కంబళి, ఎలుగుబంటి వెంట్రుకల టోపీ, చేతిలో డమరుకం, పిల్లనగ్రోవి పట్టుకుని మైలారలింగడి పేరున ఆడే గొరవయ్యలు ఉన్నారు. వాళ్లకు తెలుగూ వచ్చు, కన్నడమూ వచ్చు. రెండు గట్లకూ అర్థమయ్యే మాట మాట్లాడే మనుషులు తుంగభద్రకు ఇంతకన్నా ఎక్కడ దొరుకుతారు? చెక్కభజన బృందాలు పల్లెపల్లెకూ ఉన్నాయి. ఇక తోలుబొమ్మలు. వాన పడకపోతే విరాటపర్వం చదివించడం, బొమ్మలాట ఆడించడం సీమ పెద్దలకు తెలిసిన ఆచారమే. అంటే నీటి కోసం కళను పిలవడం మనకు కొత్త కాదు. నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ఇచ్చి గౌరవించుకున్నాం. హనుమంతుడు సముద్రం దాటే ఆ తెర మీదే ఇసుక ట్రాక్టరునూ, పూడిన డ్యామునూ నడిపిస్తే పిల్లలు తెల్లవార్లూ కూర్చుని చూస్తారు.

ఇలాంటి పనే అమెరికాలో పీట్ సీగర్ అనే గాయకుడు చేశాడు. హడ్సన్ నది మురికికూపమైపోతుంటే జనాన్ని కూడగట్టి 'క్లియర్‌వాటర్' అనే తెరచాప పడవ కట్టించాడు. 1969లో అది నీటిలోకి దిగింది. రేవు రేవునా ఆగి పాడారు, బడిపిల్లల్ని ఎక్కించుకుని నదిలో ఏముందో వాళ్ల చేతే పట్టించి చూపించారు. 1972లో అక్కడ నీటి శుద్ధి చట్టం వచ్చింది. చట్టం ఒక్క పాటతో రాలేదు. కానీ ఆ గట్టు జనం నది తమదని మాట్లాడడానికి ఆ పడవ ఎంతో సాయం చేసింది.

మనకు పడవ అక్కర్లేదు. శ్రావణమాసంలో ఉరుకుంద ఈరన్న గుడికి ఆంధ్ర, కర్ణాటక, తెలంగాణల నుంచి లక్షల మంది వస్తారు. ఆనకట్ట మీద తగవులాడే మూడు రాష్ట్రాల రైతులూ అక్కడ ఒకే వరుసలో నిలబడతారు. అక్కడ ప్రతి రాత్రీ ఒక ఆట, ఒక పాట తుంగభద్ర మీద ఉండాలి. అందులో పూడిక లెక్క ఉండాలి, ఇసుక లెక్క ఉండాలి, మురుగు ఎక్కడ కలుస్తుందో ఊరి పేరుతో సహా ఉండాలి. నీటిపారుదల శాఖ ఆ లెక్కలు కళాకారుల చేతికివ్వాలి, కథ మాత్రం వాళ్లకే వదిలేయాలి. అధికారులు రాసిచ్చిన నినాదాలు పాడించిన కళాజాతాలు చాలానే చూశాం, మర్నాటికి ఒక్క ముక్క గుర్తుండదు.

పాడినవాళ్లకు శాలువా కప్పి పంపితే చాలదు. ఈ కళాకారుల ఇళ్లలోనూ సుగ్గికి పోయేవాళ్లున్నారు. మిరప కోతకు వచ్చే కూలికి తగ్గకుండా ప్రతి ఆటకూ డబ్బు ఆ రాత్రే చేతిలో పెట్టాలి. ఆ పద్దు సాంస్కృతిక శాఖ బడ్జెట్‌లో ఈ ఏడాదే కనిపించాలి.