గాలి యంత్రం కొనేముందు

చిక్కడపల్లి, అశోక్‌నగర్‌లలో గది అద్దెకు తీసుకొని ఉద్యోగ పరీక్షలకు చదువుకొనే పిల్లలలో మన పల్లె కుటుంబాలవారు ఎందరో ఉన్నారు. అమ్మను ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రిలో చూపించవలసి వస్తే మకాం ఆ గదిలోనే. కట్టెల పొయ్యి ముందు ముప్పై నలభై ఏండ్లు వంట చేసిన తల్లికి, బీడీ ముట్టకపోయినా, సి.ఓ.పి.డి. అనే దీర్ఘకాల శ్వాసకోశ వ్యాధి రావచ్చును. ఆమె ఆయాసం చూడలేక పిల్లలు అప్పు చేసైనా గాలిని శుద్ధిచేసే యంత్రం కొనాలనుకుంటారు. కొనవచ్చునా అని అడిగేవారికి మేము చెప్పేది ఒకటే: కొనవచ్చును గాని, ముందు గదిలోని పొగను వెళ్లగొట్టండి.

అన్నిటికంటె చెడ్డది దోమల కాయిల్. ఒక్క కాయిల్ కాలితే 75 నుండి 137 సిగరెట్లంత సన్నని ధూళి వస్తుందని 2003లో వెలువడిన పరిశోధన తేల్చింది. కాయిల్ వెలిగించి పక్కన యంత్రం పెట్టడం చిల్లికుండలో నీళ్లు పోయడమే. దోమతెర కట్టండి. సాంబ్రాణి, అగరుబత్తి, పక్కగది కుర్రవాని సిగరెట్టు కూడా అంతే.

ఇక రోడ్డు. నారాయణగూడ, చిక్కడపల్లి మీదుగా 2020 నుండి మెట్రోరైలు నడుస్తున్నది, 2023లో ఇందిరాపార్కు నుండి వి.ఎస్.టి. వరకు ఉక్కు వంతెన వచ్చింది. అయినా క్రింద బస్సులు, ఆటోలు ఉండనే ఉన్నవి. రోడ్డువైపు కిటికీని ఉదయం, సాయంత్రం రద్దీవేళ మూసి, మధ్యాహ్నం తెరవండి. చలికాలపు తెల్లవారుజామున పొగ నేలనంటి ఉంటుంది. అప్పుడు అసలే తెరవవద్దు.

యంత్రమే కొంటే 'హెపా' వడపోత ఉన్నదే కొనండి. అతి సన్నని ధూళిని అది నూటికి 99 పాళ్లకు పైగా పట్టగలదు. వాయువులను మాత్రం పట్టదు. ఓజోన్ విడిచేవి ఊపిరితిత్తులకే హాని, వాటి జోలికి పోవద్దు. పెట్టెమీద సి.ఎ.డి.ఆర్. అనే అంకె చూడండి. పది పన్నెండు అడుగుల గదికి గంటకు 150 ఘనపు మీటర్లైనా ఉండాలి. వడపోత మార్చుటకు ఎంతవుతుందో కూడా ముందే అడగండి. అంగడివారు తమంతట తాము చెప్పరు!

అమెరికాలోని బాల్టిమోర్‌లో జాన్స్ హాప్కిన్స్ వైద్యులు, పొగత్రాగుట మానిన 116 మంది ఈ వ్యాధిగ్రస్తుల ఇండ్లలో ఆరు నెలలు పరీక్ష జరిపి 2021లో ఫలితం ప్రకటించారు. మొత్తంమీద రోజువారీ సుఖంలో గొప్ప తేడా కనబడలేదు. అయితే జబ్బు ఉధృతమైన సందర్భాలు తగ్గినవి. యంత్రాన్ని దాదాపు ఎల్లవేళలా నడిపినవారికే మేలు ఎక్కువ. కాబట్టి పడకగదిలో, తలుపులు మూసి, రాత్రంతా నడపాలి. డాక్టరుగారు ఇచ్చిన ఇన్‌హేలరును దీని ధైర్యంతో మానకూడదు.

అమ్మ ఊరికి తిరిగి వెళ్లిన తరువాత కూర్చునేది మళ్లీ ఆ పొయ్యి ముందే. అందుకని యంత్రానికి కూడబెట్టిన సొమ్ములో మొదట గ్యాసు బండలకు తీసిపెట్టండి. కట్టెలు తప్పనిసరైతే పొయ్యిని ఆరుబయటకు మార్చి, వంట మరొకరు చేయండి. ఆమె మంచం గాలి పొగను మోసుకురాని వైపు వేయండి.