ప్రొజెక్టరుకన్న ముందు గది చూడాలి

మట్టెవాడ: ఇంట్లోనే సినిమా హాలు పెట్టుకోవాలన్న ఉబలాటం నేడు పట్నాలకే పరిమితం కాదు. పంట సొమ్ము చేతికి రాగానే ప్రొజెక్టరు కొనాలనుకునేవారు పల్లెల్లోనూ ఉన్నారు. అయితే డబ్బా మీది అంకెలు చూసి మోసపోరాదు.

మట్టెవాడ వంటి పాత పేటల్లోనైనా, పల్లెల్లోనైనా ముందు గది కొలవాలి. చాలా ప్రొజెక్టర్లకు తెర వెడల్పుకు ఒకటింబావు నుంచి ఒకటిన్నర రెట్ల దూరం కావాలి. అంటే 6 అడుగుల తెరకు 7.5 నుంచి 9 అడుగులు. తెర వెడల్పు రెట్టింపు చేస్తే అదే వెలుగు నాలుగింతల చోటుకు పరచుకుని బొమ్మ వెలవెలబోతుంది.

నలుపును ఏ ప్రొజెక్టరూ వెయ్యలేదు. గదిలోని చీకటే తెరపై నలుపు. కనుక ఖరీదైన యంత్రంకన్న కిటికీకి మందపాటి పరదా మేలు. మెరుపులేని తెల్లరంగు వేసిన నున్నటి గోడే తొలుత తెరగా సరిపోతుంది.

వేల ల్యూమెన్లని అచ్చువేస్తే చాలదు, ‘ఆన్సీ’ కొలత ఎంతో అడగాలి. ‘ఫోర్‌కే సపోర్ట్’ అంటే ఆ బొమ్మను తీసుకుంటుందనే గాని, అంత స్పష్టంగా చూపుతుందని కాదు. అసలు రిజల్యూషన్ ఎంతో తెలుసుకోవాలి. ఈ రెండూ బిల్లుపై రాయించుకోవాలి. మాట తప్పితే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. 1915 నంబరుకు ఫోన్ చేసినా సలహా లభిస్తుంది.

గది కొలత అడగకుండా యంత్రాన్ని అంటగట్టే పద్ధతిని దుకాణదారులు కూడా మానుకోవాలి. రైతు చెమటోడ్చి కూడబెట్టిన సొమ్ము మసక బొమ్మల పాలు కారాదు.