తీగకు మొక్కే భక్తులారా!

మీరు ఇంట్లో కట్టుకున్న స్పీకర్లు బాగా మోగడం లేదు. చుట్టాలంతా మెచ్చుకున్నారని నాకు చెప్పకండి. మీ ఇంట్లో కాఫీ తాగినవాడు మీ స్పీకర్లను తిట్టిపోతాడా?

కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్లి, కనిపించిన వాటిలో బరువైన ఊఫర్ కొన్నారు. ఎవరో చెప్పిన ట్వీటర్ జత చేశారు. టీవీ పక్కన ఎంత జాగా ఉందో అంత పెట్టె వడ్రంగి చేత కొట్టించారు. ఆ ఊఫర్‌కి ఎన్ని లీటర్ల పెట్టె కావాలని ఒక్కరైనా అడిగారా? నెవిల్ థీల్ అనే ఆస్ట్రేలియా ఇంజనీరు ఆ లెక్కను 1961లోనే రాసిపెట్టాడు. 1970లలో రిచర్డ్ స్మాల్ దాన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లాడు. ఎఫ్ఎస్, క్యూటీఎస్, వీఏఎస్ అని ఊఫర్ కాగితం మీద మూడు అంకెలుంటాయి. పెట్టె ఎంతుండాలో, మూసెయ్యాలో గొట్టం పెట్టాలో తేల్చేది ఆ అంకెలే. ఆ కాగితం చూపించలేని దుకాణంలో ఊఫర్ కొనకండి.

పోనీ, కట్టిన పెట్టెనైనా ఒకసారి తాకి చూశారా? మూసిన పెట్టె అయితే ఊఫర్ కోన్‌ని వేళ్లతో సమంగా, మెల్లగా నొక్కి వదలండి. నిదానంగా వెనక్కి రావాలి. టక్కున వచ్చిందంటే ఎక్కడో గాలి పోతోంది. 30 హెర్ట్జ్ స్వరం తక్కువ శబ్దంతో పెట్టి అతుకుల వెంట అగరొత్తి తిప్పండి. పొగ చెదిరిన చోటే మీ బేస్ కారిపోతోంది. అక్కడ సిలికాన్ పూయండి. పక్క పలక మీద అరచెయ్యి ఆనించండి, అదురుతుంటే లోపల అడ్డుకొయ్య కొట్టించండి.

ఇంత పని ఎవరు చేస్తారు? వైరు కొనడం తేలిక!

ఇంట్లో లైట్లకు లాగే 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ 3 మీటర్ల దూరానికి, రానూపోనూ కలిపి, 0.07 ఓమ్ నిరోధం చూపిస్తుంది. 8 ఓముల ఊఫర్ లోపలి కాయిల్ నిరోధమే దాదాపు 6 ఓములు. ఈ రెంటి మధ్య తేడా తెలిసీ, పట్టు తొడిగిన వైరును వేల రూపాయలకు అంటగట్టేవాడిని వ్యాపారి అనను, దొంగ అంటాను. కొన్ని వందల గంటలు మోగిస్తే గానీ వైరు తెరుచుకోదని చెబుతాడు వాడు. వాపసు గడువు దాటేదాకా మిమ్మల్ని కూర్చోబెట్టడమే అందులో కిటుకు.

'నా చెవికి తెలుస్తుంది' అంటారా? అయితే వైర్ల మీద దుప్పటి కప్పండి. మీ అబ్బాయిని మార్చమనండి. మోగుతున్నది ఏ వైరో పదిసార్లు చెప్పండి చూద్దాం. శబ్ద పరిశోధకులు ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ 1994లో స్పీకర్లతోనే ఇలాంటి పరీక్ష పెట్టారు. తెర తీసి స్పీకర్లు కనబడేసరికి శ్రోతల మార్కులు మారిపోయాయి. పందేనికి రమ్మంటే మాత్రం బంగారు చెవుల పెద్దమనుషులందరికీ అర్జెంటు పనులుంటాయి.

శబ్దాన్ని ఊఫర్‌కీ ట్వీటర్‌కీ పంచే రెడీమేడ్ క్రాసోవర్ ఇంకో మోసం. మీ డ్రైవర్ ఎప్పుడూ 8 ఓములే ఉంటుందనుకుని చేసిన బోర్డు అది. ఏ డ్రైవరూ అలా ఉండదు. స్వరం మారితే దాని ఓములూ మారతాయి, కొన్నిచోట్ల 30 కూడా దాటతాయి. పైగా, ముందు పలక వెడల్పు 20 సెంటీమీటర్లయితే 500, 600 హెర్ట్జ్‌ల దగ్గర్నుంచి కిందికి శబ్దం పెట్టె వెనక్కి చుట్టుకుపోతుంది. ఎదుట కూర్చున్నవాడికి 6 డెసిబెళ్ల దాకా తగ్గుతుంది. ఘంటసాల గొంతులో బరువు పోయి పలచబడింది అందుకే. దాన్ని సరిదిద్దాల్సింది క్రాసోవర్. మీరేమో వైరు మారుస్తున్నారు!

ఇక గది. కింద గ్రానైటు, చుట్టూ బోసి గోడలు, అద్దాల కిటికీలు. చప్పట్లు కొట్టి చూడండి, గది మీకు తిరిగి కొడుతుంది. 12 అడుగుల దూరంలో ఎదురెదురు గోడలుంటే 47 హెర్ట్జ్ దగ్గర బేస్ గోడల పక్కన గుమ్మంటుంది, సరిగ్గా మధ్యలో దాదాపు మాయమవుతుంది. మీ సోఫా ఎక్కడుంది? ఒక మందపాటి తివాచీ, బరువైన పరదాలు, పుస్తకాల బీరువా, సోఫాను రెండడుగులు జరపడం. లక్షల ఆంప్లిఫయర్ చెయ్యలేని పని ఇవి చేస్తాయి.

'కొలతలు పెడితే సంగీతం చచ్చిపోతుంది' అనే వేదాంతులకు ఒకటే అడుగుతాను. కచేరీకి ముందు మృదంగ విద్వాంసుడు రాయితో అంచు మీద తట్టుకుంటూ, తంబురాతో సరిచూసుకుంటూ చేసేదేమిటి? ఆయన శ్రుతి చూసుకుంటే కళ, మీరు మైకు పెట్టి చూసుకుంటే పాపమా?

ఆ వైరు అమ్మేయండి. కొనే అమాయకుడు దొరక్కపోతే మడిచి అటకెక్కించండి. ఆ డబ్బులో కొంత పెట్టి కొలత మైకు కొనండి. గదిలో శబ్దాన్ని కొలిచే ఆర్‌ఈడబ్ల్యూ సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. మీరు కూర్చునే చోట మైకు పెట్టి ఒక్క గ్రాఫు తీయండి. దాన్ని చూశాక కూడా నా మీద కోపం తగ్గకపోతే, ఆ గ్రాఫు పట్టుకునే రండి. వాదనకు నేను సిద్ధం.