టీకాపత్రము - ప్రయాణికుల కర్తవ్యము

విదేశమునకు బయలుదేరు మనవారు వీసాను, విమానపు టిక్కెట్టును, పచ్చళ్ల జాడీలను నెలదినములకు ముందే సిద్ధము చేసికొందురు. టీకాల సంగతి మాత్రము తుదివారమున గాని తలపునకు రాదు. నైజీరియా, ఘనా, ఉగాండా మున్నగు ఆఫ్రికా దేశములకు ఉద్యోగములకును, వర్తకమునకును పోవు తెలుగువారి విషయమున ఈ యుపేక్ష మిక్కిలి హానికరమని మా యభిప్రాయము.

ఆ దేశములయందు పీతజ్వరము, అనగా ఎల్లో ఫీవర్, కలదు. అది దోమకాటువలన సంక్రమించును. ముదిరినచో కామెర్లును, రక్తస్రావమును కలిగి ప్రాణములు తీయును. దానిని నిర్మూలించు ఔషధము నేటికిని లేదు. కాని 1937వ సంవత్సరముననే మాక్స్ టైలర్ అను శాస్త్రజ్ఞుడు దానికి టీకాను సాధించెను. సాధారణముగా ఒక్క పర్యాయము వేయించుకొన్న చాలును. వేయించుకొన్న పదవ దినము మొదలు పత్రము చెల్లును. 2016 జూలై నుండి ఆ చెల్లుబాటు యావజ్జీవము.

సూది యేల, కాగితమున్న చాలదా యని దళారుల నాశ్రయించి దొంగపత్రములు కొనువారును లేకపోలేదు. ఇది వట్టి చట్టోల్లంఘనము కాదు, స్వజనద్రోహము. పీతజ్వరము మనదేశమున ఇంతవరకు వ్యాపింపలేదు. కాని దానిని మోయు ఈడిస్ దోమ మన పూలకుండీలలోను, నీటితొట్లలోను పెరుగుచునే యున్నది. మనకు డెంగ్యూను పంచుచున్నది అదియే. రోగి యొక్కడు వచ్చినను ఆపద మొదలుకావచ్చును. అందుచేతనే పీతజ్వరమున్న దేశములనుండి పత్రము లేక వచ్చువారిని ప్రభుత్వము ఆరు దినములవరకు వేరుగా నుంచుచున్నది. దానిని వేధింపని విసుగుకొనుట తగదు.

మలేరియాను మన మెరుగని జ్వరమా యని చులకన చేయువారు పెక్కురు. 1897 ఆగస్టు 20వ తేదీన రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నది మన సికిందరాబాదుననే. అట్టి గడ్డవారికి ఈ యలక్ష్యము శోభింపదు. ఆఫ్రికాలో అధికముగా నున్నది ఫాల్సిపారం జాతి. అది మెదడున కెక్కి కొలదిదినములలోనే చంపగలదు. పాత క్లోరోక్విన్ మాత్రలను నమ్ముకొనరాదు. వైద్యుడు నిర్ణయించిన మాత్రలను ప్రయాణమునకు ముందే మొదలిడి, తిరిగి వచ్చిన పిదపను ఆయన చెప్పినన్నాళ్లు మానక మ్రింగవలెను. ఇల్లు చేరిన కొన్ని నెలలలో జ్వరము తగిలినచో, తాము పోయివచ్చిన దేశము పేరును వైద్యునికి మొట్టమొదట చెప్పవలెను.

కావున ప్రయాణికులు నెల, నెలన్నర ముందుగనే వైద్యుని సంప్రదింతురుగాక. హైదరాబాదు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ వంటి ప్రభుత్వామోదము గల కేంద్రములందే పీతజ్వరపు టీకా వేయించుకొనవలెను. అరువదేండ్లు దాటినవారును, గర్భిణులును, కోడిగ్రుడ్డు సరిపడనివారును ఆ మాట ముందుగా తెలుపవలెను.

ఇట్టి కేంద్రములు కొన్ని నగరములందు మాత్రమే యుండుటయు దళారులకు అవకాశమగుచున్నది. ప్రభుత్వము వీనిని జిల్లాలకు విస్తరింపజేయవలెను. ఉద్యోగులను పంపు సంస్థలు టీకా ఖర్చును, మాత్రల ఖర్చును తామే భరింపవలెను. పనికి పంపువారికి ఆ పనివాని ప్రాణరక్షణ భారమును కలదు.