నిఖా అగ్గువ, షాదీ పిరం

మా ఫుప్ఫు పెద్దకూతురి పెళ్లి లెక్క ఇంకా మా దగ్గరే ఉంది. వంద పేజీల నోట్‌బుక్కు. మొదటి పది పేజీల్లో తమ్ముడి లెక్కల హోంవర్కు, పదకొండో పేజీ నుంచి అక్క పెళ్లి. 2018 డిసెంబరు నాటి మాట. ఫుప్ఫాది పంక్చర్ దుకాణం. పని బాగా దొరికిన నెలలో 12 వేలు. ఆయనకు రాయడం రాదు, చెప్పడం వచ్చు. ఆయన చెబుతూ పోయాడు, మేం రాస్తూ పోయాం.

జోడే కీ రఖం 1,50,000. మోటర్ సైకిల్ 80,000. మంచం, అల్మారా, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, కూలర్, వంటసామాన్లు కలిపి 1,10,000. మూడు తులాల బంగారం లక్ష. అటువాళ్లకీ ఇటువాళ్లకీ బట్టలు 40,000. షాదీఖానా, టెంటు 25,000. నాలుగు వందల మందికి దావత్ 1,20,000. ఆఖరి పేజీలో, మరిచిపోయి మళ్లీ గుర్తొచ్చినట్టు రెండు చిన్న అంకెలు: ఖాజీసాబ్ ఫీజు 2,000, ఖర్జూరాలు 1,500. అంతా కలిపితే 6,28,500.

ఆ చివరి రెండు అంకెలే నిఖా. 3,500 రూపాయలు. మిగిలిన 6,25,000 షాదీ. ఈ రెంటికీ మధ్య ఉన్న దూరం గురించే మా గొడవంతా.

డబ్బు ఎట్లా పుట్టిందో కూడా అదే పుస్తకంలో ఉంది. ఇరవై ఏండ్లు కూడబెట్టి కొనుక్కున్న చిన్న ప్లాటు అమ్మితే 2,20,000. చిట్టీ ఎత్తితే లక్ష. నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చింది రెండున్నర లక్షలు. మిగతా 58,500 చుట్టాల దగ్గర చేబదుళ్లు. మిత్తే నెలకు 7,500. ఆయన సంపాదన ఎంతో పైన చెప్పాం. పెళ్లయిన నాలుగో నెలలో తమ్ముడు పాలిటెక్నిక్ మానేసి దుకాణంలో కూర్చున్నాడు. ఆ పెళ్లికూతురు ఏడాది ముందు నర్సింగ్ చదువుతానని ఏడ్చింది. ఫీజుకి 60 వేలు ఎక్కడి నుంచి తెస్తామన్నారు. 60 వేలు లేవన్న ఇంట్లోనే ఏడాది తిరక్కుండా 6 లక్షలు పుట్టాయి. దీనికి మేమూ సాక్షులమే. నోట్‌బుక్కులో రాసిన చేతులు మావే.

తక్కువ ఖర్చుతో పెళ్లి చేయండి అని మనకు అందరూ చెబుతారు. జుమా ఖుత్బాలో చెబుతారు. ఇస్తెమాల్లో చెబుతారు. చదువుకున్న బంధువులు చెబుతారు. అందరూ చెప్పేది ఆడపిల్ల తండ్రికే. "ఎందుకు మియా ఇంత ఖర్చు పెట్టుకున్నావ్?" అని దావత్‌లో రెండో ప్లేటు తింటూ అడుగుతారు. ఆయన పెట్టుకున్నాడా? ఆ పుస్తకంలో ఆయన ఇష్టంతో రాయించిన అంకె ఒక్కటి చూపించండి. బహుశా ఖర్జూరాలు.

పొదుపు నేర్చుకోవలసింది పంక్చర్ దుకాణం కాదు. పెళ్లి బడ్జెట్ వేయాల్సిన ఇల్లు అది కాదు. మన దీన్ ప్రకారం పెళ్లి ఖర్చు మగపిల్లవాడిది. మెహర్ వాడివ్వాలి. వలీమా వాడు పెట్టాలి. తెచ్చుకున్న మనిషికి ఇల్లూ తిండీ బట్టా వాడు చూడాలి. ఆడపిల్ల తండ్రి మీద ఒక్క పైసా బాధ్యత లేదు. ఇజాబ్, ఖుబూల్, ఇద్దరు సాక్షులు, మెహర్. హనఫీ ఫిఖహ్‌లో మెహర్‌కు కనీస హద్దు 10 దిర్హమ్‌ల వెండి. అంటే మూడు తులాల పైచిలుకు. పేదవాడు పెళ్లి చేసుకోలేక ఆగిపోకూడదని పెట్టిన హద్దు అది. ఆ అగ్గువతనాన్ని మగపిల్లవాడి మటుకు ఉంచుకుని, పిరమంతా ఆడపిల్ల ఇంటికి తోసేశాం. మా చెల్లెలి మెహర్ 11,000. అది కూడా బాకీ. లక్షన్నర నగదు లెక్కబెట్టి తీసుకున్నవాడు 11 వేలు అప్పు పెట్టి లేచిపోయాడు. ఆ మాట మైకులో చదివితే అందరం ముబారక్ అన్నాం.

మదీనాలో అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ పెళ్లి చేసుకుంటే ప్రవక్తకు కూడా ముందుగా తెలియదు. ఆయన ఒంటి మీద సుగంధపు పసుపు మరక చూసి అడిగితే తెలిసింది. వలీమా పెట్టు, ఒక్క గొర్రెతోనైనా సరే అన్నారు. సఫియాతో తన సొంత నిఖా వలీమాలో ప్రవక్త రొట్టే మాంసమూ పెట్టలేదు. ఖర్జూరాలు, ఎండుపెరుగు, నెయ్యి. ఇవి తెలియని మౌల్వీ లేడు. కానీ చుట్టాల చుట్టానికి కార్డు అందకపోతే మూడు తరాలు మాట్లాడుకోని జాతిగా మనం తయారయ్యాం.

జహేజ్‌కు సాక్ష్యం కావాలంటే మాత్రం బీబీ ఫాతిమా పేరు తీస్తారు. ప్రవక్త తన బిడ్డకు జహేజ్ ఇచ్చాడు గదా అంటారు. ఆ కథ చిన్నప్పటి నుంచి వాజ్‌లలో మనం విన్నదే. పూర్తిగా వినండి. అలీ దగ్గర ఏమీ లేకపోతే తన యుద్ధకవచం అమ్మాడు. ఆ డబ్బు మెహర్ అయింది. ఇంటి సామాను అందులోంచే వచ్చింది. అంటే సామాను పెళ్లికొడుకు సొమ్ముతో వచ్చింది. మన పెళ్లికొడుకులు బండి అడిగేటప్పుడు ఏ కవచం అమ్మి వచ్చారో చెప్పాలి.

అసలు జోడా అంటే ఒక జత బట్టలు. అల్లుడికి జత బట్టలు పెట్టడం ఏ కులంలోనైనా ఉన్న ముచ్చటే. ఆ జత బట్టలు నగదుగా మారి, నగదు లక్షలుగా మారి, ఇప్పుడు బట్టలు వేరే, రఖం వేరే. పేరు మాత్రం మారలేదు. కట్నం అంటే హిందువులది, మాది జోడా అని చెప్పుకోవడానికి ఆ పేరు పనికొస్తుంది.

ఒక మాట పక్కకు పోయి చెబుతాం. సంస్కరణ అని మన మొహల్లాలకు వచ్చినవాళ్లు ముందుగా దేన్ని ఆపారు? మాంఝే ఆపమన్నారు. సాంచఖ్ ఆపమన్నారు. ఆడవాళ్లు ఢోలక్ పెట్టుకుని రాత్రంతా పాడే పాటలు బిద్‌అత్ అన్నారు. ఆ పాటలకు అయ్యే ఖర్చు చాయ్ పత్తా, చక్కెర. పెళ్లిలో మన అమ్మీలకూ ఖాలాలకూ దక్కే సంతోషం అదొక్కటే. అత్తను తిట్టుకునే హక్కు కూడా ఆ ఒక్క రాత్రే. అది పోయింది. ఫ్రిజ్ పోలేదు. బండి పోలేదు. గడ్డం కొలిచి సంబంధం చూసే ఇంట్లో కూడా రఖం కొలత తప్పలేదు.

మా చెల్లెలి నిఖాకు ముందు మేం మసీదు సదర్‌సాబ్ దగ్గరికి పోయాం. ఏ ఊరో, ఎవరో చెప్పం. ఒక్కటే అడిగాం: "సియాహాలో మెహర్ రాస్తారు గదా, దాని పక్కనే జోడా ఎంతో కూడా రాయండి." ఆయన నవ్వాడు. "అది ఇంటి లోపలి మాట మియా. మేం రాసేది షరియత్ మాట." షరియత్‌లో లేని లక్షన్నర ఆయన ముందే చేతులు మారింది. రాయాల్సి వస్తే ఆయన కలం ఆగేదేమో. ఆగాలనే అడిగాం.

చట్టం సంగతీ చూద్దాం. 1961 వరకట్న నిషేధ చట్టం మెహర్‌ను కట్నం లెక్కలోంచి తీసేసింది. అది న్యాయమే, మెహర్ ఆడపిల్లకు వచ్చే సొమ్ము. జోడాను మాత్రం తీసేయలేదు. అయితే ఆ చట్టం అక్షరం ప్రకారం తీసుకున్నవాడిదే కాదు, ఇచ్చినవాడిదీ నేరమే. ఇక పోలీస్ స్టేషన్‌కు పోయే తండ్రి ఎవడు? అందులోనూ మన గల్లీ తండ్రి, ఠాణా మెట్లెక్కాలంటే తన పేరు చెప్పడానికే ముందు వెనకా చూసుకునేవాడు.

సర్కారు సాయం ఉంది గదా అంటారు. 2014లో తెలంగాణలో షాదీ ముబారక్ మొదలైనప్పుడు 51,000. 2017లో 75,116 అయింది. 2018లో 1,00,116. పద్దెనిమిది నిండాలనే షరతు వల్ల కొందరు పిల్లలు చిన్నప్పుడే పెళ్లి కాకుండా బయటపడ్డారు, ఆ మేలు మేం కాదనం. ఆంధ్రలో 2022లో తెచ్చిన షాదీ తోఫాకు ఇద్దరూ పదో తరగతి పాసవ్వాలన్నారు, అదీ మంచి షరతే. కానీ మా మొహల్లాలో ఏం జరిగిందో విన్నాం. "షాదీ ముబారక్ వస్తుంది గదా, ఆ లక్ష కలిపి చూడండి" అని సంబంధం మాట్లాడే చోటే అడిగారు. చెక్కు ఎమ్మెల్యే చేతుల మీదుగా, ఫొటోతో సహా, పెళ్లయిన ఎన్నో నెలలకు వచ్చింది. ఆ లక్ష ఫుప్ఫా అప్పుకు పదమూడు నెలల మిత్తి. సర్కారు ఆడపిల్లకు ఇచ్చాననుకుంది. పోయింది మిత్తివాడికి.

ఇక మా సెక్యులర్ మిత్రులు. మీరు మా దావత్‌లకు వచ్చారు. బిర్యానీ బాగుందన్నారు, ఖుబానీ కా మీఠా ఇంకొంచెం వేయించుకున్నారు. గంగా జమునా తెహజీబ్ అన్నారు. ఈ దావత్ ఎవరి అప్పు అని ఒక్కరు అడగలేదు. తలాఖ్ గురించి మాత్రం ఎప్పుడూ అడుగుతారు. ఒక్క ఊపిరిలో మూడు తలాఖ్‌లు అన్యాయమని మా ఆడవాళ్లే కోర్టుకెక్కారు, 2017లో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2019లో ఆ తలాఖ్ చెప్పినవాడికి జైలు అని చట్టం వచ్చింది. దాని మీద మీరెన్ని వ్యాసాలు రాశారో మాకు గుర్తుంది. తలాఖ్ కన్నా ముందు పెళ్లి ఉంటుంది గదా మిత్రులారా. మా బుర్ఖా మీకు కనబడుతుంది, మా బాకీ కనబడదు. ఎందుకంటే అక్కడ మాకూ మీకూ తేడా లేదు. కట్నం గురించి అడగబోతే మీ ఇండ్లు గుర్తొస్తాయి. జాతీయ సమైక్యత ఎక్కడైనా సంపూర్ణంగా సాధించామంటే ఇక్కడే సాధించాం.

మాలో మేమూ ఒక్కటి కాదు. దూదేకుల ఇండ్లల్లో చూడండి. మీకు ఉర్దూ రాదు, మీరేం ముసల్మానులని హైదరాబాద్ చుట్టాలు ఈసడిస్తారు. ఖుత్బా అర్థంకాని పెళ్లికూతురు అక్కడ తెలుగులో ఏడుస్తుంది. కానీ ఊళ్లోని రెడ్లను చూసి కట్నమూ, పట్నంలోని సయ్యదులను చూసి జోడే కీ రఖమూ రెండూ ఆ ఇండ్లకు వచ్చిపడ్డాయి. ఇజ్జత్ కోసం పైవాళ్ల షాదీని నకలు కొడుతున్నాం. పైవాడికి అది జాగీరు మిగులు, మనకు ప్లాటు.

1991లో సౌదీ ముసలివాడి పక్కన విమానంలో ఏడుస్తూ హైదరాబాద్ పిల్ల దొరికితే దేశమంతా ఉలిక్కిపడింది. ఆ తండ్రిని తిట్టని పత్రిక లేదు. తిట్టాల్సిందే. కానీ ఇంటినిండా ఆడపిల్లలున్న ఆటోవాడికి, జోడా అడగకుండా తానే ఎదురు డబ్బిస్తానన్నవాడు ఆ షేకు ఒక్కడే ఎందుకయ్యాడని అడిగినవాళ్లు తక్కువ. 2021 ఫిబ్రవరిలో అహ్మదాబాద్‌లో ఒక ముస్లిం పిల్ల నవ్వుతూ వీడియో తీసి సబర్మతిలో దూకింది. ఆ తర్వాతే పర్సనల్ లా బోర్డు ఆసాన్ నిఖా అని ప్రచారానికి దిగింది. దిగడం మంచిదే. ప్రతిజ్ఞలు చేయించడం కూడా మంచిదే. ప్రతిజ్ఞ తప్పినవాడి నిఖా చదవం అన్న ఖాజీ మాత్రం మాకు ఇంకా తారసపడలేదు.

మాకు తెలిసిన తక్కువ ఖర్చు పెళ్లి ఇట్లా ఉంటుంది. జుమా రోజు అసర్ తర్వాత మసీదులో నిఖా. వచ్చినవాళ్లకు ఖర్జూరం, షర్బత్. ఆడపిల్ల ఇంట్లో దావత్ లేదు, రాత్రి ఢోలక్ ఉంది. వలీమా మగపిల్లవాడు పెడతాడు, వాడి తాహతుకు ఎంతైతే అంత. బగారన్నం, దాల్చా చాలు, ఎవరూ ఆకలితో పోరు. మెహర్ అక్కడికక్కడే నగదు, పిల్ల చేతికి. లేదా పిల్ల పేరున బ్యాంకులో. సియాహాలో ఇచ్చిపుచ్చుకున్నవన్నీ రాయాలి. సున్నా అయితే సున్నా అని రాయాలి. జోడా తీసుకున్న పెళ్లికి మేం పోం, మా ఇంటి పెళ్లయినా సరే. ఈ చివరిది కష్టం. గత రంజాన్ తర్వాత మా సొంత మేనమామ కొడుకు పెళ్లికి పోలేదు. మామూజాన్ ఇప్పటికీ మా సలాంకు జవాబివ్వడం లేదు.

ఇప్పుడు ఫుప్ఫు రెండో కూతురికి సంబంధాలు వస్తున్నాయి. ఈ పిల్ల నర్సింగ్ మూడో ఏడు, ఫీజు కట్టడానికి ఈసారి అందరం తలా ఇంత వేసుకున్నాం. మొన్న ఒక ఇంటివాళ్లు వచ్చి చూసిపోయారు. "మాకేం వద్దు, మీ బిడ్డకు మీరు సంతోషంతో ఎంత పెట్టుకుంటారో పెట్టుకోండి" అన్నారు. ఈ మాట ఖరీదెంతో ఫుప్ఫుకు తెలుసు. చాయ్ కప్పులు తీసుకుపోతూ మా వైపు చూసింది. మేం కొత్త నోట్‌బుక్కు కొన్నాం. మొదటి పేజీ మీద పెళ్లికొడుకు పేరు రాసి, దాని కింద మూడు ప్రశ్నలు రాశాం. మెహర్ ఎంత? నగదా, బాకీయా? వలీమాకు ఎంతమంది? ఖర్చుల గడి ఖాళీగా ఉంచి, పూర్తి చేసి పంపమని ఆ పుస్తకం వాళ్లింటికే పంపాం.

పదిహేను రోజులైంది. పుస్తకం ఇంకా తిరిగి రాలేదు.