కూతకు పోయినోన్ని తిట్టేముందు కాడి చూడండప్పా

ఈరోజు ఆదోని యార్డులో పత్తి ధర గురించి గాదు, కబడ్డీ గురించి రాస్తున్నా. పని లేక రాస్తున్నాడు అనుకోవద్దు. చివరిదాకా చదివితే ఇది మన ఊరి పిల్లల సంగతని మీకే అర్థమైతది.

తెలుగు టైటాన్స్ ఓడిన ప్రతిసారీ మనోళ్ల నోట్లో వచ్చేది ఒకటే మాట: "రైడర్ సరిగా ఆడలేదు." వాట్సాప్‌లో తిట్లు, హోటల్ కాడ తిట్లు. నేను అడిగేది ఒక్కటే. ఇన్నేండ్ల నుంచి రైడర్‌ను తిడతాండాము గదా, లెక్క ఎప్పుడన్నా చూసినామా?

లెక్క చూద్దాం. ప్రో కబడ్డీలో ఎనిమిదో సీజన్: 22 మ్యాచ్‌లాడి గెలిచింది 1. తొమ్మిదో సీజన్: 22లో 2. పదో సీజన్: మళ్లా 22లో 2. మూడు సీజన్లు కలిపి 66 మ్యాచ్‌లు, గెలుపులు 5, ఓటములు 56, మిగతా 5 టై. ఇంత నష్టం మన మెట్టచేనులో గూడ వరసగా మూడేండ్లు రాదు.

మరి ఆ పదో సీజన్‌లో రైడర్ లేడా? ఉన్నాడు. పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేలకు కొన్నారు. అప్పటికి లీగ్ మొత్తంలో అంత ధర ఎవరికీ పెట్టలేదు. ఆ పిల్లోడు ఏమీ మోసం చేయలేదు. రైడ్‌లోనే 200 పాయింట్లు దాటించినాడు. అయినా గెలుపులు రెండే. అంతకు ముందు 2019లో సిద్ధార్థ్ దేశాయ్‌ను 1 కోటి 45 లక్షలు పెట్టి తెచ్చినారు. వాడూ 200 దాటినాడు. జట్టు మాత్రం పన్నెండింట్లో పదకొండోది. మొదటి ఆరు సీజన్లు రాహుల్ చౌదరి ఒక్కడే మోసినాడు. లీగ్‌లోనే పేరున్న రైడర్. కప్పు మాత్రం రాలేదు.

ముగ్గురు మొనగాళ్లు, ముగ్గురూ పాయింట్లు తెచ్చినారు, జట్టు లేవలేదు. అంటే రోగం యాడ ఉంది?

చెడుగుడు ఆడినోళ్లకు చెప్పాల్సిన పని లేదు, అయినా ఒకసారి గుర్తు చేస్తా. రైడర్ పట్టుబడితే బయట కూర్చోవాల. వాడు బతికి లోపలికి రావాలంటే వాడి జట్టు వాళ్లు అవతలోన్ని ఒకన్ని ముట్టుకోనన్నా రావాల, లేకుంటే కూతకొచ్చినోన్ని పట్టనన్నా పట్టాల. బోనస్ పాయింట్‌తో ఎవడూ బతకడు. కాబట్టి డిఫెన్స్ పట్టలేకపోయినా, రెండో రైడర్ ముట్టుకోలేకపోయినా, రెండు కోట్ల మొనగాడు బెంచీ మీద కూర్చొని చూస్తాంటాడు. మ్యాచ్ 40 నిమిషాలే. అందులో వాడు పది నిమిషాలు బయటుంటే, ఆ పది నిమిషాలు మన దుడ్డు బయటున్నట్టే.

ఇంకోటి. రెండు కూతలు వరసగా ఖాళీగా పోతే మూడోది చావో రేవో. పాయింట్ తేకుండా వస్తే ఔట్. రెండో రైడర్‌కు దమ్ము లేని జట్టులో ఆ మూడో కూత ప్రతిసారీ పెద్దోని నెత్తినే పడుతుంది. అవతలోళ్లకు గూడ తెలుసు వాడే వస్తాడని. కాచుకొని ఉంటారు, కాళ్లు పట్టేస్తారు. టీవీ ముందర మనం "ఏం ఆడతాండాడప్పా వీడు" అంటాం. వాడు ఆడలేక కాదు, వాన్ని ఒంటరిగా పంపినారు.

మన ఎమ్మిగనూరు జాతర తెలిసినోళ్లకు బండలాగుడు పోటీలు తెలుసు. లక్షలు పోసి మంచి ఎద్దును కొని, పక్కన నీరసమైన దాన్ని కట్టి చూడండి. మంచి ఎద్దు ముందుకు గుంజుతాది, రెండోది వెనకపడతాది, కాడి వంకరైతది, బండ కదలదు. అప్పుడు మంచి ఎద్దును చర్నాకోలతో కొట్టేవాన్ని ఏమంటాం? టైటాన్స్ అభిమానులుగా ఇన్నేండ్లు మనం చేసింది అదే.

ఇది నోటి మాట కాదు, తర్వాత జరిగింది చూడండి. 2024లో పదకొండో సీజన్. పవన్ మళ్లా మన జట్టులోనే. నడమ దెబ్బ తగిలి కొన్ని మ్యాచ్‌లకు దూరమైనాడు. అయిపోయింది అనుకున్నారందరు. కానీ విజయ్ మలిక్, ఆశిష్ నర్వాల్ లాంటోళ్లు బరువు పంచుకున్నారు. ఆ సీజన్ 22లో 12 గెలిచి, ఆరు జట్లకు అవకాశముండే ప్లేఆఫ్ ఒక్క మెట్టులో పోగొట్టుకున్నారు. 2025లో పవన్ తమిళ జట్టుకు పోయినాడు. వైజాగ్‌లో మొదటి మ్యాచ్ వాళ్ల మీదే 38-35తో ఓడినాం. "ఇంగ అంతే" అన్నారు మనోళ్లు. అదే జట్టు విజయ్ మలిక్ కెప్టెన్‌గా, భరత్ హుడా తోడుగా ప్లేఆఫ్‌కు పోయి, బెంగళూరును, పట్నాను ఓడించి, ఫైనల్‌కు ఒక్క అడుగు దూరంలో ఆగింది.

ఆ ఆగిన మ్యాచ్ గూడ చూడండి. పుణె మీద 50-45. మనోళ్లు 45 పాయింట్లు తెచ్చినారు! అన్ని తెచ్చి ఓడినారంటే తప్పు తెచ్చినోళ్లదా, 50 ఇచ్చినోళ్లదా? ఆ రాత్రి గూడ రైడర్‌నే తిట్టినోళ్లున్నారు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, చూడలేక రైడర్ ఓడు.

పెద్ద రైడర్ వద్దే వద్దని నేననడం లేదు. మంచి ఎద్దు ఎవరికి చేదు? దానికి జత దొరికినాకనే బండ కాడికి తోలమంటున్నా.

ఇప్పుడు మన సంగతికొస్తా. సంక్రాంతి దగ్గరపడింది. మన మండలంలో, చుట్టుపక్కల ఊళ్లలో పోటీలు పెడతారు. ప్రతి ఊరు చేసేది ఏంది? చందా ఎత్తి, ఆ దుడ్డుతో బయట నుంచి ఒక పేరున్న రైడర్‌ను తెస్తుంది. మన ఊరి పిల్లోడు, ఏడాదంతా సాయంత్రం కల్లంలో మోకాళ్లు కొట్టుకపోయేలా ఆడినోడు, పండగ రోజు నీళ్ల బాటిళ్లు అందిస్తాడు. వచ్చినోడు గెలిపిస్తే దుడ్డు తీసుకొని పోతాడు. ఓడితే తిట్లు తిని పోతాడు. రెండిట్లోనూ మన పిల్లోనికి మిగిలేది ఏమీ లేదు. మరుసటేడు మళ్లా చందా, మళ్లా అద్దె ఎద్దు.

పైన చెప్పిన లీగ్ జట్టు కోట్లు పోసి చేసిన తప్పును మనం వేలు పోసి చేస్తాండాము, అంతే తేడా.

నేను చెప్పేవి మూడే. ఒకటి, ఏడుగురిలో అయిదుగురు సొంత ఊరోళ్లే ఉండాలని కమిటీలు ముందే రాసుకోవాల. రెండు, మంచి రైడర్‌కు ఎంత బహుమతి ఇస్తామో, మంచిగా పట్టినోనికీ అంతే ఇయ్యాల. చప్పట్లు కూతకు పోయినోనికి, దెబ్బలు కాళ్లు పట్టినోనికి అయితే రేపు పట్టేవాడు ఎవడొస్తాడు? మూడు, రెండో కూత, మూడో కూత ఊరి పిల్లోనికి ఇయ్యాల. పోతే ఒక పాయింట్ పోతుంది. నేర్చుకుంటే ఒక మనిషి వస్తాడు.

"ఓడిపోతే ఊరి పరువు ఏంగావాల?" అని అడుగుతారు కొందరు. అన్నా, అద్దెకు తెచ్చినోడు గెలిస్తే అది ఊరి పరువు ఎట్లయితది? అది చందా రసీదు.

గాజులదిన్నె నీళ్లొచ్చినా రాకున్నా మనం చేను ఇడిచిపెట్టలేదు. ఒక్క పంట మీదే అప్పు చేసి మునిగిన సంవత్సరాలు మనకెరుకే. అందుకే పత్తిలో కంది సాలు ఏసుకోవడం నేర్చుకున్నాం. చేన్లో తెలిసిన సంగతి కబడ్డీ కోర్టులో ఎందుకు మరిచిపోతాం? ఈ సంక్రాంతికి కమిటీలో కూర్చునే పెద్దలు చందా పుస్తకం తెరిచేముందు, కల్లంలో ఆడతాండే పిల్లోళ్ల పేర్లు ఒకసారి రాసి చూడండి.