లైన్‌మన్ల శిక్షణ గజపతినగరంలోనే జరగాలి

గాలివాన వెలిసీ వెలియకముందే కరెంటు ఎప్పుడిస్తారని ఫోన్లు చేస్తాం. స్తంభం ఎక్కినవాడి క్షేమం అడిగేవారు తక్కువ. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుపానులు ఉత్తరాంధ్రలో ఎన్ని స్తంభాలను పడగొట్టాయో చూశాం.

2019లో గ్రామ సచివాలయాలకు ఎనర్జీ అసిస్టెంట్లను తీసుకున్నప్పుడు స్తంభం ఎక్కే పరీక్ష పెట్టారు. మంచిదే. కాని ఎక్కడం వచ్చినవాళ్లూ చనిపోతున్నారు. ఒక ఫీడరుకు లైన్ క్లియర్ తీసుకుని పక్క ఫీడరు స్తంభం ఎక్కడం, ఏబీ స్విచ్‌లో ఒక బ్లేడు విడిపోకపోవడం, ఎవరింటి జనరేటరు నుంచో కరెంటు వెనక్కు రావడం వంటివి ప్రాణాలు తీస్తాయి. వీటిని నిజమైన 11 కేవీ తీగపై చేయించి నేర్పలేరు గదా!

కళ్లకు తగిలించుకునే వర్చువల్ రియాలిటీ పరికరంలో నేర్పవచ్చు. తప్పు చేస్తే పాఠం మళ్లీ మొదలవుతుంది, అంతే. సెల్‌ఫోను అమర్చుకునే అట్ట కళ్లజోడును గూగుల్ 2014లోనే తెచ్చింది. అది చూడడానికే పనికొస్తుంది. చేతులతో స్విచ్ తీయించే రకం కొంత ఖరీదే అయినా గజపతినగరానికి రెండు చాలు, వంతులవారీగా వాడుకుంటారు. విశాఖలోని ఈపీడీసీఎల్ అధికారులు వీటిని అక్కడే ఉంచుకుంటే మెంటాడ, దత్తిరాజేరు సిబ్బందికి ఒరిగేదేమీ లేదు. పాఠం తెలుగులో, మన పొలాల లైన్ల బొమ్మలతో ఉండాలి. ఈ వంకతో రబ్బరు గ్లౌజులు, ఎర్త్ రాడ్ల ఖర్చు మాత్రం తగ్గించరాదు.

ట్రాన్స్‌ఫార్మరు వద్ద ఫీజు తామే వేసుకునే రైతులకు కూడా ఒక పూట ఇది చూపించాలి.